దేవుడు నడిపిస్తాడని నమ్ముతున్నా భయం పోవడం లేదు, మనసును ఎలా సిద్ధం చేసుకోవాలి?

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఆయన కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు, వచ్చే నెల జీతం వస్తుందో రాదో తెలియదు. నీకు ఆరో నెల. అత్తగారి బయాప్సీ రిపోర్టు సోమవారం వస్తుంది. వేరే ఊళ్ళో ఉన్న మీ అన్నయ్య "వచ్చేయండి, ఇక్కడ ఏదో ఒకటి చూద్దాం" అంటున్నాడు. వెళ్ళాలా వద్దా అని నెల రోజులుగా ప్రార్థిస్తున్నా జవాబు రాలేదు. సంఘంలో ఒకరు "భయపడుతున్నావంటే విశ్వాసం లేనట్టే" అన్నారు. ఇంకొకరు "దేవుణ్ణి నమ్మినవాళ్ళు రేపటికి దాచుకోరు" అన్నారు. ఈ రెండు మాటలూ నీ మనసులో ముల్లులా గుచ్చుకున్నాయని రాశావు.

నేను 29 ఏళ్ళు నర్సుగా చేసి రిటైర్ అయ్యాను. అందులో ఎక్కువ కాలం ఐసీయూలోనే. నువ్వు నా కూతురి వయసుదానివి, అందుకే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

ముందు ఆ మొదటి ముల్లు తీసేద్దాం. భయం వేస్తే విశ్వాసం లేనట్టు కాదు. 56వ కీర్తనలో దావీదు తనకు భయం కలిగిన రోజున దేవుణ్ణి ఆశ్రయిస్తానంటాడు. భయమే కలగని రోజు గురించి ఆయన అక్కడ మాట్లాడటం లేదు. పారసీక రాజుకు పానపాత్ర అందించే నెహెమ్యా, ఆ రాజు ముందు నిలబడినప్పుడు తాను చాలా భయపడ్డానని తన నోటితోనే చెప్పుకున్నాడు. గెత్సేమనే తోటలో యేసు ప్రభువు ఒకే ప్రార్థనను మూడుసార్లు చేశాడు, సాధ్యమైతే ఈ గిన్నె తన నుంచి తొలగిపోవాలని. ఆ రాత్రి ఆయన పడిన వేదనను అవిశ్వాసం అనే ధైర్యం ఎవరికైనా ఉందా? 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. దేవుడు తన ప్రజల చేతికిచ్చిన ప్రార్థనల పుస్తకంలో ఇన్ని ఏడుపులు ఉన్నాయంటే, ఏడుస్తూ తన దగ్గరికి వచ్చేవాళ్ళను ఆయన తప్పు పట్టడనే కదా.

భయం ఎక్కడ పాడు చేస్తుందంటే, అది మనల్ని దేవుడి దగ్గరికీ మనుషుల దగ్గరికీ వెళ్ళనివ్వకుండా ఒంటరిగా కూర్చోబెట్టినప్పుడు. నువ్వు ప్రార్థిస్తున్నావు, అడుగుతున్నావు. నీ భయం ఇంకా ఆ పని చేయలేదు.

ఇక నడిపింపు గురించి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే మనలో చాలామంది దీన్ని తప్పుగా నేర్చుకుని సంవత్సరాల తరబడి బాధపడటం చూశాను. దేవుడు నడిపిస్తాడంటే ముందు మొత్తం దారి కనబడుతుంది, ఆ తర్వాత మనం బయలుదేరతాం అనుకుంటాం. వాక్యంలో అలా జరిగినవాళ్ళు నాకు కనబడలేదు. అబ్రాహాము ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే బయలుదేరాడు. అరణ్యంలో మేఘం మందిరం మీద రెండు రోజులు నిలిచినా, నెల నిలిచినా, ఏడాది నిలిచినా ఇశ్రాయేలీయులు అక్కడే ఉండిపోయేవారని సంఖ్యాకాండం 9వ అధ్యాయంలో ఉంది. ఆ మేఘం రేపు లేస్తుందో ఏడాది తర్వాత లేస్తుందో వాళ్ళకు తెలియదు. గుడారం మేకులు కొట్టేటప్పుడు ఎంత లోతుగా కొట్టాలో కూడా తెలియకుండా బతికిన జనం వాళ్ళు. వాక్యం పాదాలకు దీపం అని మనం తరచూ చెప్పుకుంటాం కదా, ఆ రోజుల్లో చేతిలో పట్టుకునే మట్టి ప్రమిద ఎంత వెలుగు ఇస్తుందో ఒక్కసారి ఆలోచించు. తర్వాతి అడుగు ఎక్కడ వేయాలో కనబడుతుంది, అంతే.

నాకు అన్నిటికంటే ఎక్కువగా సహాయపడింది యిర్మీయా పొలం కొన్న సంగతి. యిర్మీయా 32వ అధ్యాయం ఈ రాత్రికి నెమ్మదిగా చదువు. సిద్కియా రాజు పదో ఏడు. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. ఆ పట్టణం పడిపోతుందని చెప్పినందుకే యిర్మీయాను కావలి ప్రాంగణంలో బంధించారు. అలాంటి సమయంలో దేవుడు ఆయనతో, నీ పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో ఉన్న పొలం కొనమని అడుగుతాడు అన్నాడు. తర్వాత నిజంగానే హనమేలు ఆ ప్రాంగణానికి వచ్చి అడిగాడు. అప్పుడు యిర్మీయా, అది యెహోవా మాట అని నేను తెలుసుకున్నాను అంటాడు. ఆ "అప్పుడు" అన్న మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. అంత పెద్ద ప్రవక్త! విన్న మాట దేవుడిదే అన్న నిశ్చయం ఆయనకు కూడా మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాకే కలిగింది. మరి నీకు నెల రోజుల్లో తేలలేదని నీ ఆత్మీయ జీవితంలో ఏదో లోపం ఉందనుకోవడం ఎందుకమ్మా?

తర్వాత ఆయన ఏం చేశాడో చూడు. 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. మన లెక్కలో సుమారు 200 గ్రాములు. పత్రం రాసి సంతకం చేశాడు, ముద్ర వేశాడు, సాక్షులను పెట్టుకున్నాడు. ముద్ర వేసిన ప్రతిని, వేయని ప్రతిని రెండింటినీ తన లేఖికుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం పాడవకుండా మట్టికుండలో పెట్టమన్నాడు. అంతా అయ్యాక ప్రార్థన మొదలుపెట్టి, ప్రభువా, పట్టణం శత్రువుల చేతికి పోతుంటే నన్ను పొలం కొనమన్నావేమిటి అన్నట్టు తన అయోమయాన్నంతా దేవుడి ముందు కుమ్మరించాడు. లోబడటం ముందు, సందేహం చెప్పుకోవడం తర్వాత. ఆ పొలంలో యిర్మీయా పంట కోసుకున్నట్టు ఎక్కడా లేదు. చివరికి ఆయన్ను ఐగుప్తుకు తీసుకుపోయారు. ఆయన పెట్టిన డబ్బు దేవుడు మాటిచ్చిన ఒక రోజు కోసం, తన కళ్ళతో చూడని రోజు కోసం.

నడిపింపు సరైనదైతే దారి సాఫీగా ఉంటుందనే భ్రమ కూడా వదిలించుకో. అపొస్తలుల కార్యాలు 16వ అధ్యాయంలో పౌలు ఆసియాలో వాక్యం చెప్పకుండా ఆత్మ ఆటంకపరిచాడు. బితూనియకు వెళ్ళబోతే అదీ కుదరలేదు. రెండు తలుపులు మూసుకున్నాక త్రోయకు చేరితే, అక్కడ రాత్రి దర్శనంలో మాసిదోనియ మనిషి కనబడ్డాడు. ఇంత స్పష్టమైన పిలుపు తర్వాత ఫిలిప్పీలో ఏం జరిగింది? నది ఒడ్డున కొందరు స్త్రీలు దొరికారు, లూదియ నమ్మింది, ఆ తర్వాత బెత్తం దెబ్బలు, బొండలో కాళ్ళు, చెరసాల. పౌలు ఆ రాత్రి "నేను దారి తప్పానా" అని లెక్కలు వేసుకోలేదు, కీర్తనలు పాడాడు. కాబట్టి రేపు మీ ఆయన ఉద్యోగం పోయినా, అన్నయ్య ఊరికి వెళ్ళాక ఇబ్బందులు వచ్చినా, మనం దేవుడి చిత్తం తప్పాం అని మీరిద్దరూ ఒకరినొకరు నిందించుకోవద్దు. కష్టం వచ్చింది కాబట్టి దారి తప్పు అనే లెక్క వాక్యంలో లేదు.

మీ నిర్ణయం సంగతి నేరుగా చెప్తాను. అన్నయ్య అడిగినదానికి ఈ వారమే జవాబు చెప్పాలని నువ్వు ఎక్కడా రాయలేదు. మరి ఎందుకు తొందర? సోమవారం రిపోర్టు వస్తే అత్తగారికి చికిత్స ఎక్కడ, ఎన్నాళ్ళు అన్నది కొంత తెలుస్తుంది. కంపెనీ సంగతి కూడా ఇంకాస్త తేలుతుంది. నీ ప్రయాణం గురించి, కాన్పు ఎక్కడ అన్నదాని గురించి నిన్ను చూస్తున్న డాక్టరమ్మనే అడగాలి, నన్ను కాదు, సంఘంలో వాళ్ళను కూడా కాదు. "ఏదో ఒకటి చూద్దాం" అన్న అన్నయ్యను, ఏ పని, ఎంత జీతం, ఎప్పటి నుంచి అని అడగండి. ఇవి అడగడం అవిశ్వాసం అనుకోకు. నెహెమ్యా పాడుబడ్డ యెరూషలేము కోసం కిస్లేవు నెల నుంచి నీసాను నెల దాకా, అంటే దాదాపు నాలుగు నెలలు ప్రార్థించాడు. రాజు ఒకరోజు హఠాత్తుగా "నీకేం కావాలి?" అని అడిగితే, మనసులోనే దేవుడికి ప్రార్థన చేసి వెంటనే చెప్పాడు. వెళ్ళి రావడానికి ఎంతకాలం పడుతుందో గడువు చెప్పాడు, నది అవతలి అధికారులకు ఉత్తరాలు కావాలన్నాడు, కోట తలుపుల దూలాల కోసం రాజు అడవిని కాసే ఆసాపుకు కూడా ఉత్తరం కావాలన్నాడు. అడవి కావలివాడి పేరు కూడా తెలుసు ఆయనకు! ఆ నాలుగు నెలలూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తూ, కళ్ళు తెరిచి వివరాలు తెలుసుకుంటూ గడిపాడన్నమాట.

ఇక్కడ ఒక హెచ్చరిక. బైబిలు ఎక్కడో ఒకచోట తెరిచి కంటపడిన వచనాన్నే జవాబు అనుకోవద్దు. "మీ కోసం దేవుడు నాతో మాట్లాడాడు, వెళ్ళిపోండి" అని ఎవరైనా అంటే గౌరవంగా వినండి, కానీ ఆ ఒక్క మాట మీద ఇల్లు ఖాళీ చేయకండి. 1 రాజులు 13వ అధ్యాయంలో యూదా నుంచి వచ్చిన దైవజనుడు తనకు దేవుడు నేరుగా చెప్పినదాన్ని పక్కనపెట్టి, ఒక ముసలి ప్రవక్త చెప్పిన అబద్ధాన్ని నమ్మి ప్రాణం పోగొట్టుకున్నాడు. నిజంగా దేవుడు మీతో మాట్లాడాలనుకుంటే మీ ఇద్దరికీ మనశ్శాంతి ఇచ్చే దాకా ఆగగలడు. ఇంకోటి, బాగా కుంగిపోయి ఉన్న రోజున పెద్ద నిర్ణయాలు మార్చకూడదని 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా అనే క్యాథలిక్ గురువు తన శిష్యులకు నేర్పాడు. మనం ఏ సంఘానికి చెందినవాళ్ళమైనా ఈ మాట పనికొస్తుంది. నిద్రపట్టని అర్ధరాత్రి తీసుకున్న నిర్ణయాన్ని పొద్దున మొహం కడుక్కున్నాక మళ్ళీ చూడు.

దాచుకోవడం గురించి ఒకరు అన్న మాట సగమే నిజం. అరణ్యంలో దేవుడు రోజూ కురిపించిన ఆహారం మన్నాను మర్నాటికి దాచుకుంటే పురుగులు పట్టాయి, నిజమే. అదే మన్నాను ఆరో రోజున రెండింతలు ఏరుకుని దాచుకోమని చెప్పింది కూడా దేవుడే, ఆ రోజు పురుగు పట్టలేదు. యోసేపు ఏడేళ్ళ పాటు పంటలో ఐదో వంతు దాయించి ఒక దేశాన్నే బతికించాడు. ఎజ్రా, నెహెమ్యాల సంగతి మరీ ముచ్చటగా ఉంటుంది. అర్తహషస్త రాజు ఏడో ఏట ఎజ్రా యెరూషలేముకు బయలుదేరుతూ, మా దేవుడు కాపాడతాడని రాజుతో చెప్పాను, ఇప్పుడు సైనికులను అడగడానికి సిగ్గేసింది అని, అహవా నది దగ్గర ఉపవాసం ఉండి కాపలా లేకుండానే వెళ్ళాడు. అదే రాజు ఇరవయ్యో ఏట నెహెమ్యా సేనాధిపతులను, గుర్రపు రౌతులను వెంటబెట్టుకుని అదే ఊరికి వెళ్ళాడు. ఇద్దరూ దేవుడి హస్తం మా మీద ఉంది అనే రాశారు. కాబట్టి మీ దగ్గర కొద్దో గొప్పో ఉంటే దాచుకోండి, ఆరోగ్య బీమా ఉంటే కొనసాగించండి. ఆ డబ్బు మీద మనసు ఆనించి నిద్రపోతున్నామా, దేవుడి మీద ఆనించి నిద్రపోతున్నామా అన్నది మీరే చూసుకోవాలి, అది బయటివాళ్ళు చెప్పేది కాదు.

ఇప్పుడు నువ్వు అసలు అడిగిన ప్రశ్న, మనసును సిద్ధం చేసుకోవడం. దీనికి జవాబు నాకు ఐసీయూలో దొరికింది.

ప్రతి వార్డులో ఎమర్జెన్సీ ట్రాలీ ఒకటి ఉంటుంది. డ్యూటీ మారిన ప్రతిసారీ దాన్ని సొరుగు సొరుగూ తెరిచి చూడాలి. లారింగోస్కోప్ బల్బు వెలుగుతోందా, యాడ్రినలిన్ ఆంప్యూల్స్ లెక్క సరిపోయిందా, గడువు దాటిందా, అంబు బ్యాగ్ చినిగిందా, సిలిండర్‌లో ఆక్సిజన్ ఉందా. చూసి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. కొత్తలో నాకు విసుగొచ్చేది. నిన్న రాత్రి ఎవరూ ముట్టుకోని సొరుగు, ఈ రాత్రి కూడా ఎవరూ ముట్టుకోరేమో, మళ్ళీ ఎందుకు లెక్కపెట్టడం అని. ఒక రాత్రి రెండున్నరకు చివరి బెడ్డులో మనిషి గుండె ఆగింది. నా కాళ్ళు వణికాయి, నోట్లో తడి ఆరిపోయింది, కానీ నా చెయ్యి నేరుగా రెండో సొరుగులోకి వెళ్ళింది. ఏమీ జరగని అన్ని రాత్రులు ఆ సొరుగు తెరిచి చూసిన చెయ్యి అది. ఆ మనిషి బతికాడు.

మా ఆయనకు 41వ ఏట స్ట్రోక్ వచ్చినప్పుడు నేను అదే కారిడార్‌లో తలుపుకు ఇవతల కూర్చున్నాను. లోపల ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు, అదే నరకం. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట రాలేదు. అప్పుడు చిన్నప్పుడు అమ్మ మంచం మీద కూర్చోబెట్టి బట్టీ పట్టించిన 121వ కీర్తన, కొండల తట్టు కన్నులెత్తడం, కునుకక నిద్రపోక కాపాడేవాడు, అదే ఒక్కో వచనం దానంతటదే నోటికొచ్చింది. చీర కొంగు అంచు మీద వేలితో లెక్కపెట్టుకుంటూ తెల్లవారేదాకా అదే చెప్పాను. ఆయన ఎనిమిది నెలలు ఉండి వెళ్ళిపోయారు. నేను అడిగింది జరగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది, లేదని అబద్ధం చెప్పను. కానీ ఆ రాత్రి నేను ఒంటరిగా లేనన్నది నాకు ఎంత నిజమో, ఆయన పోయిన మాటా అంతే నిజం.

అందుకే చెప్తున్నాను, మనసు సిద్ధపడటం అనేది గుండె ఆగినప్పుడు మొదలుపెట్టే పని కాదు. దానియేలు సింహాల గుహకు దారితీసిన చట్టం వచ్చిందని తెలిశాక కొత్త ప్రార్థన ఏదీ కనిపెట్టలేదు. యథాప్రకారం రోజుకు మూడుసార్లు మోకాళ్ళూనాడు. నీకు నేను పెద్ద పెద్ద ఉపవాసాలు చెప్పను, కడుపుతో ఉన్నదానివి, అసలు చేయకూడదు కూడా. ఒక కీర్తన ఎంచుకో. 121 గాని, 27 గాని, 46 గాని. పొద్దునా రాత్రీ గట్టిగా, నీ చెవికి వినబడేలా చదువు. నీ బిడ్డకు కూడా వినబడుతుంది. రెండు వారాల్లో చూడకుండా వస్తుంది. ఏమీ అనిపించని రోజు కూడా చదువు. అదే సొరుగు తెరిచి చూడటం.

మీ ఇద్దరూ రాత్రి పడుకునే ముందు ఆ రోజు అందిన ఒక మేలును చిన్న పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. ఎంత చిన్నదైనా సరే. నా పాత పుస్తకంలో ఒకచోట "ఈ రోజు ఆయన చెంచా తనే పట్టుకున్నారు" అని ఉంది. చేతకాని రోజున దేవుడు ఇదివరకు చేసింది గుర్తు రాదు, కాగితం మీద ఉంటే చదువుకోవచ్చు. మనసులో ఉన్న అతి పెద్ద భయాన్ని కూడా ఒక్కసారి పేరు పెట్టి దేవుడికి చెప్పు. "ప్రభువా, అత్తయ్య రిపోర్టు చెడ్డగా వస్తే" అని చెప్పుకుని, ఆ వాక్యాన్ని నువ్వే పూర్తి చెయ్యి. పైపైన తిరిగే భయం కంటే పేరు పెట్టిన భయం తేలిక. షద్రకు, మేషాకు, అబేద్నెగో కూడా తమను దేవుడు రక్షించకపోయినా అని అంతదూరం ఆలోచించాకే, అగ్నిగుండంలో వేయిస్తానన్న నెబుకద్నెజరు రాజు ముందు నిలబడగలిగారు.

శరీరాన్ని మాత్రం మర్చిపోకు. ఏలీయా చెట్టు కింద కూలబడి "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అన్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో రొట్టె, నీళ్ళు పంపాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ తినమన్నాడు, ఎందుకంటే నీ శక్తికి మించిన ప్రయాణం నీకు సిద్ధంగా ఉంది అన్నాడు. దేవుడి మెల్లని స్వరం ఆయనకు వినబడింది నలభై రోజుల తర్వాత, హోరేబు దగ్గర. నువ్వు వేళకు తినడం, మధ్యాహ్నం కాసేపు పడుకోవడం కూడా సిద్ధపడటంలో భాగమే. వరుసగా చాలా రోజులు నిద్రపట్టకపోయినా, దేని మీదా మనసు లేకపోయినా, చచ్చిపోవాలనిపించినా వెంటనే డాక్టరుకు చెప్పు. గర్భంతో ఉన్నప్పుడు ఇది చాలామందికి వస్తుంది, మందూ మాటా రెండూ ఉన్నాయి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ప్రార్థనలో ఏం అడగాలో తోచని రోజు యెహోషాపాతు రాజు మాట తీసుకో. మూడు జాతుల సైన్యం మీదికి వస్తుంటే ఆయన జనమందరి ముందు నిలబడి, "ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు" అన్నాడు. రాజై ఉండి తోచడం లేదని నలుగురిలో ఒప్పుకున్నాడు. మీ ఆయనతో కూడా ఈ మాట కలిసి చెప్పించు. ఉద్యోగం పోతుందేమోనన్న భయంలో ఉన్న మగవాడు ఇంట్లో ధైర్యం నటిస్తూ లోపల కుమిలిపోతాడు, నేను ఎంతమందినో చూశాను. "నాకూ తోచడం లేదు" అని ఆయన నీ ముందు అనగలిగితే సగం బరువు దిగుతుంది.

సోమవారం రిపోర్టు తీసుకోవడానికి నువ్వు ఒక్కదానివే వెళ్ళకు. ఇంకెవరినైనా, మాట్లాడకుండా పక్కన కూర్చోగలిగే మనిషిని తోడు తీసుకెళ్ళు. నీళ్ళ సీసా, తినడానికి ఏదైనా, డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు రాసిన కాగితం, పెన్ను పెట్టుకో. ఆయన చెప్పింది అక్కడికక్కడే రాసుకో, టెన్షన్‌లో సగం వినబడదు. రిపోర్టులోని మాటలను ఫోన్లో వెతుక్కుంటూ కూర్చోకు. అర్థం కానిది ఉంటే ఇక్కడ రాయి, నాకు తెలిసినంత వరకు మామూలు తెలుగులో చెప్తాను. మీ అత్తగారి పేరు చెప్పనక్కర్లేదు, ఆ రోజు పొద్దున్నే నేను కూడా ఆమె కోసం మోకాళ్ళ మీద ఉంటాను.